ఎడమ కాలే ఎందుకు వాస్తుంది?

పొద్దున తొమ్మిది గంటలకు కుర్చీలో కూర్చుంటారు. మధ్యాహ్నం భోజనం కంప్యూటరు ముందే అయిపోతుంది. కాఫీ కూడా కూర్చున్న చోటికే వస్తుంది. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు ఉద్యోగాలు చేసేవారిలో చాలామంది దినచర్య ఇదే. అమెరికా కంపెనీ పనైతే రాత్రి పదకొండింటికి ఇంట్లో ఇంకో కుర్చీ సిద్ధంగా ఉంటుంది. పడుకోబోయే ముందు చూసుకుంటే కాళ్ళకు నీరు దిగినట్టు ఉంటుంది. మేజోళ్ళ అంచు దగ్గర గాడి పడి ఉంటుంది.

ఈ వాపు రెండు కాళ్ళకూ సమానంగా ఉండి, తెల్లవారి లేచేసరికి తగ్గిపోతే కంగారు పడనక్కరలేదు. రోజూ అలాగే ఉంటే మాత్రం గుండె, మూత్రపిండాలు, రక్తపోటు ఒకసారి పరీక్ష చేయించుకోవాలి. కాని ఒక్క కాలే వాచి, పిక్కలోనో తొడలోనో నొప్పి పుట్టి, తెల్లవారినా తగ్గకపోతే అది వేరే సంగతి. లోపలి సిరలో రక్తం గడ్డ కట్టిందేమోనని అనుమానించాలి. డాక్టర్లు దీన్నే డి.వి.టి. అంటారు. అలా వాచే కాలు కుడి కాలు కన్నా ఎడమ కాలే ఎక్కువసార్లు అవుతుంది.

రెండు కాళ్ళతోనూ సమానంగానే నడుస్తున్నాం, సమానంగానే కూర్చుంటున్నాం. మరి ఎడమ కాలికే ఎందుకీ శిక్ష? దీనికి కారణం కాలిలో లేదు. కడుపులో, బొడ్డు వెనకాల ఉంది. అది తెలియాలంటే కడుపులోని పెద్ద రక్తనాళాలు ఎలా అమర్చి ఉన్నాయో కాస్త తెలుసుకోవాలి.

కడుపులో ప్రధాన కాలువ

గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని బయటికి తోస్తుంది. ఆ రక్తమంతా ముందుగా వెళ్ళేది బృహద్ధమని అనే పెద్ద గొట్టంలోకి. ఇది గుండె నుంచి పైకి లేచి, చేతికర్ర పిడిలా వంపు తిరిగి, వెన్నెముకను ఆనుకుని కిందికి దిగుతుంది. ఛాతీకి, కడుపుకి మధ్య గోడలా ఉన్న విభాజక పటలం దాటి కడుపులోకి వస్తుంది. ఇక్కడ దాని వెడల్పు సుమారు 2 సెంటీమీటర్లు. అంటే మీ బొటనవేలంత లావన్నమాట. పేగులన్నిటికీ వెనకాల, వెన్నుపూసలకు ముందు, నడిమధ్యకు కొద్దిగా ఎడమగా ఉంటుంది.

కృష్ణా కాలువ నుంచి పంట కాలువలు చీలినట్టు దీని నుంచి దారిపొడుగునా శాఖలు చీలతాయి. ముందువైపు మూడు పెద్ద శాఖలు. మొదటిది జీర్ణాశయానికి, కాలేయానికి, ప్లీహానికి రక్తం పంచుతుంది. రెండవది చిన్నపేగు మొత్తానికి, పెద్దపేగులో మొదటి సగానికి. మూడవది మిగిలిన పెద్దపేగుకి. పక్కలకు కుడి ఎడమల ఒక్కొక్కటి చొప్పున మూత్రపిండ ధమనులు. మూత్రపిండాలు చూడటానికి గుప్పెడంతే ఉంటాయి గాని, గుండె పంపే రక్తంలో ఇంచుమించు అయిదో వంతు వాటికే వెళుతుంది. రక్తాన్ని వడకట్టే పని వాటిది కాబట్టి అంత అవసరం.

నడుము భాగంలో వెన్నుపూసలు ఐదు. నాలుగో పూస ముందుకు, అంటే దాదాపు బొడ్డు ఉన్న ఎత్తుకు వచ్చేసరికి బృహద్ధమని రెండుగా చీలిపోతుంది. వీటిని శ్రోణి ధమనులు అంటారు. ఒకటి కుడి కాలి వైపు, ఒకటి ఎడమ కాలి వైపు. ఒక్కొక్కటి మళ్ళీ రెండుగా చీలి, లోపలి శాఖ పొత్తికడుపులోని గర్భాశయానికి, మూత్రాశయానికి, పిరుదులకు రక్తం ఇస్తుంది. బయటి శాఖ గజ్జల దగ్గర తొడలోకి దిగుతుంది. గజ్జలో వేలు పెట్టి నొక్కితే నాడి కొట్టుకునేది అక్కడే.

తిరుగు ప్రయాణం

వెళ్ళిన రక్తమంతా తిరిగి రావాలి కదా! ఆ పని సిరలది. వీటిలో ఉన్నది ‘చెడు రక్తం’ అని పూర్వం నుంచి ఒక మాట ఉంది. చెడిపోయిన రక్తమేమీ కాదు. అందులో ప్రాణవాయువు తక్కువ, అంతే. రెండు కాళ్ళ నుంచి, పొత్తికడుపు నుంచి వచ్చే శ్రోణి సిరలు నడుములోని ఐదో పూస ముందు కలుసుకుని ఒక మహాసిర అవుతాయి. ఇది బృహద్ధమనికి కుడిపక్కన నిలబడి, పైకి ప్రయాణం చేసి, కాలేయం వెనక నుంచి గుండెకు చేరుతుంది.

ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి. ధమని ఎడమవైపు, సిర కుడివైపు. ఈ వ్యాసంలో చెప్పబోయేదంతా ఈ చిన్న విషయం మీదే ఆధారపడి ఉంది.

ధమని గోడ మందంగా, బిగువుగా ఉంటుంది. గుండె కొట్టే దెబ్బకు తట్టుకోవాలి కాబట్టి. సిర గోడ పల్చన. లోపల ఒత్తిడి కూడా తక్కువ. ఏదైనా పైన పడితే ఇట్టే అణిగిపోతుంది. పైగా నిలబడి ఉన్న మనిషిలో పాదం నుంచి గుండె వరకూ రక్తం ఎదురెక్కి రావాలి. దాన్ని తోసేదెవరు? గుండె కాదు, పిక్కలు. అడుగు వేసినప్పుడల్లా పిక్క కండరం బిగుసుకుని లోపలి సిరలను పిండుతుంది. కాలి సిరల్లో చిన్న చిన్న కవాటాలుంటాయి. అవి రక్తాన్ని పైకి పోనిస్తాయి, కిందికి జారనివ్వవు. అందుకే పిక్కను రెండో గుండె అంటారు. మొదటి గుండె మనం నిద్రపోయినా పనిచేస్తుంది. ఈ రెండో గుండె మాత్రం మనం నడిస్తేనే పనిచేస్తుంది. ఎనిమిది గంటలు కదలకుండా కూర్చుంటే ఎనిమిది గంటలూ దానికి సెలవే.

ఫ్లైఓవరు కింద రోడ్డు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ధమని ఎడమవైపు ఉందనుకున్నాం. దాని కుడి శాఖ కుడి కాలికి పోవాలంటే నడిమధ్యను దాటి వెళ్ళాలి. ఎడమ కాలి నుంచి వచ్చే సిర కుడిపక్కన ఉన్న మహాసిరను చేరాలంటే అదీ నడిమధ్యను దాటాలి. రెండూ ఒకదాన్నొకటి ఎక్కడో దాటక తప్పదు. అలా దాటే చోట ధమని పైన, సిర కింద. సిరకు వెనకాల రాయిలాంటి వెన్నుపూస.

గచ్చిబౌలి వైపు బయోడైవర్సిటీ జంక్షన్ చూసినవారికి దీన్ని ఊహించుకోవడం కష్టం కాదు. పైన ఫ్లైఓవరు, కింద రోడ్డు. కాని అక్కడ ఫ్లైఓవరు స్తంభాల మీద నిలబడింది. కింద రోడ్డును నొక్కదు. కడుపులో స్తంభాలు లేవు. పైనున్న ధమని గుండె కొట్టినప్పుడల్లా ఉబ్బుతూ కింద ఉన్న సిరను వెన్నుపూసకేసి నొక్కుతుంది. నిమిషానికి 70 సార్ల చొప్పున, జీవితమంతా. కుడి కాలి సిరకు ఈ బాధ ఇంతగా లేదు. అది నేరుగా పైకి వెళ్ళి మహాసిరలో కలుస్తుంది.

రక్తం గడ్డలు ఎడమవైపే ఎక్కువగా ఉండటం జర్మనీకి చెందిన విర్కో అనే వైద్య శాస్త్రవేత్త 1851లోనే గమనించాడు. 1957లో మే, థర్నర్ అనే ఇద్దరు వైద్యులు 430 శవాలను పరీక్షించి, నూటికి 22 మందిలో ఆ నొక్కుడు పడే చోట సిర లోపల దారాల్లాంటి, పొరల్లాంటి మచ్చలు ఏర్పడి ఉన్నాయని తేల్చారు. అప్పటి నుంచి వారి పేరు మీదే దీన్ని మే-థర్నర్ లక్షణ సముదాయం అంటున్నారు.

ఇది చదివి బెంబేలు పడకండి. సిర కొద్దో గొప్పో నొక్కుకుపోవడం ఏ బాధా లేని ఆరోగ్యవంతుల్లోనూ మామూలే. స్కానింగులో ‘ఎడమ శ్రోణి సిర నొక్కుకుపోయింది’ అని ఒక వాక్యం కనిపించినంత మాత్రాన ఆపరేషను అక్కరలేదు. ఆ నొక్కుడుకు ఇంకో కారణం తోడైనప్పుడే ప్రమాదం.

తోడయ్యే కారణాలు

సిరలో రక్తం గడ్డ కట్టడానికి కారణాలను మూడు మాటల్లో చెప్పవచ్చు. రక్తం మందగించడం, రక్తనాళం గోడ దెబ్బతినడం, రక్తమే చిక్కగా గడ్డ కట్టే స్వభావం పొందడం. కదలకుండా కూర్చోవడం మొదటి కోవలోకి వస్తుంది. తుంటి, మోకాలు ఆపరేషన్లు, ఎముకలు విరగడం రెండో కోవలోకి. గర్భం, కాన్పు, గర్భనిరోధక మాత్రలు, క్యాన్సరు, పుట్టుకతో వచ్చే కొన్ని రక్తదోషాలు మూడో కోవలోకి. స్థూలకాయం, సిగరెట్లు అన్నిటికీ తోడే.

కూర్చోవడం వల్ల గడ్డలా అని నవ్వేవారు లండన్ సంగతి వినాలి. 1940లో జర్మన్ విమానాలు రాత్రిపూట బాంబులు వేస్తుంటే జనం నేలమాళిగల్లో, మడత కుర్చీల్లో రాత్రంతా కూర్చుని గడిపేవారు. వారిలో కొందరు తెల్లవారి లేచి నాలుగడుగులు వేసి కుప్పకూలిపోయారు. శవపరీక్షలు చేసిన కీత్ సింప్సన్, కాళ్ళలో కట్టిన గడ్డలు ఊపిరితిత్తులకు వెళ్ళడమే కారణమని ఆ ఏడాదే రాశాడు. కుర్చీ ముందు కర్ర తొడల కింద సిరలను నొక్కేయడం కూడా ఒక కారణమని కనిపెట్టాడు.

బాంబులు పోయాయి, కుర్చీలు మిగిలాయి. 2003లో న్యూజీలాండ్ వైద్యులు 32 ఏళ్ళ యువకుడి కథ ప్రచురించారు. రోజుకు గంటల తరబడి కంప్యూటరు ముందు కూర్చునే అలవాటు. కాలిలో గడ్డ కట్టి, ఊపిరితిత్తులకు పోయి, ప్రాణం మీదికి వచ్చింది. దీనికి వారు ‘ఈ-థ్రాంబోసిస్’ అని కొత్త పేరే పెట్టారు.

ఊపిరితిత్తులకు ఎలా పోతుందంటారా? పైన చెప్పిన దారి గుర్తు తెచ్చుకోండి. కాలి సిర, శ్రోణి సిర, మహాసిర, గుండె కుడి గదులు, అక్కడి నుంచి ఊపిరితిత్తులు. గడ్డ ముక్క ఊడితే దారిలో ఆపేవాడు లేడు. కడుపులోని మహాసిరలో కవాటాలు కూడా లేవు. ఊపిరితిత్తుల్లో సన్నని నాళాలకు వచ్చాకే అది ఇరుక్కుంటుంది. ముక్క చిన్నదైతే ఆయాసం, నొప్పి. పెద్దదైతే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు.

గర్భిణులు, బాలింతలు

ఇళ్ళలో అందరూ తెలుసుకోవలసిన భాగం ఇది. నెలలు నిండుతున్న కొద్దీ గర్భాశయం బరువెక్కుతుంది. తల్లి వెల్లకిలా పడుకుంటే ఆ బరువంతా వెనకనున్న మహాసిర మీద పడుతుంది. గుండెకు చేరవలసిన రక్తం తగ్గి, కళ్ళు తిరగడం, చెమటలు పట్టడం, గాబరా కలుగుతాయి. ఎడమపక్కకు తిరిగి పడుకోమని డాక్టర్లు ఎందుకు చెబుతారో ఇప్పుడు అర్థమైంది కదా! మహాసిర కుడివైపు ఉంది. ఎడమకు తిరిగితే బరువు దాని మీద నుంచి తొలగుతుంది. రాత్రంతా ఎడమకే ఉండాలని భయపడనక్కరలేదు. కుడిపక్కకు తిరిగినా ఫరవాలేదు. వెల్లకిలా మాత్రం పడుకోకూడదు. నిద్రలో వెల్లకిలా తిరిగితే మెలకువ రాగానే పక్కకు ఒత్తిగిలండి.

గర్భంతో ఉన్నప్పుడు కాన్పులో రక్తం ఎక్కువ పోకుండా రక్తం తేలిగ్గా గడ్డ కట్టేలా ప్రకృతి ఏర్పాటు చేసింది. దానికి గర్భాశయం బరువు, ఎడమ సిర మీద ధమని నొక్కుడు కలిస్తే గడ్డ కట్టే అవకాశం పెరుగుతుంది. అందుకే గర్భిణుల్లో వచ్చే గడ్డల్లో అత్యధిక భాగం ఎడమ కాలిలోనే. కాన్పు అయిన తరువాత మొదటి ఆరు వారాలు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. కడుపు కోసి బిడ్డను తీసినవారికి మరీ ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషను కాన్పులే. అంటే ఇది ఎక్కడో ఎవరికో సంబంధించిన విషయం కాదు.

మన ఇళ్ళలో బాలింతను మంచం దిగనివ్వరు. మంచినీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుందని గ్లాసుతో కొలిచి ఇస్తారు. ప్రేమతోనే చేస్తారు, కాదనను. కాని ఒంట్లో నీరు తగ్గితే రక్తం చిక్కబడుతుంది. కదలకపోతే రక్తం మందగిస్తుంది. గడ్డ కట్టడానికి మనమే పీట వేసి పిలిచినట్టవుతుంది. అమ్మమ్మలారా, అత్తగార్లారా! బాలింతకు దాహమైనంత నీళ్ళు ఇవ్వండి. డాక్టరు లేవమన్న రోజు నుంచి చెయ్యి పట్టుకుని రోజూ నాలుగుసార్లు గదిలో నడిపించండి. పథ్యం పేరుతో నీళ్ళు మాత్రం మాన్పించకండి.

మగవారి సంగతి

ఎడమవైపు తగాదా కాళ్ళతో ఆగలేదు. కుడి వృషణం నుంచి వచ్చే సిర నేరుగా మహాసిరలో కలుస్తుంది. ఎడమది అలా కాదు. పైదాకా వెళ్ళి ఎడమ మూత్రపిండ సిరలో నిలువుగా కలవాలి. ఆ మూత్రపిండ సిర మహాసిరను చేరాలంటే బృహద్ధమనికి, దాని పేగు శాఖకు మధ్య సందులోంచి దూరి వెళ్ళాలి. ఇంత చుట్టు తిరుగుడు వల్ల రక్తం వెనక్కి నిలిచి, ఎడమ వృషణం పైన సిరలు వానపాముల సంచిలా ఉబ్బుతాయి. దీన్నే వేరికోసీల్ అంటారు. మగవారిలో నూటికి 15 మందికి ఇది ఉంటుంది. చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. సంతానం కలగనివారిలో మాత్రం డాక్టర్లు దీనికోసం చూస్తారు. వైద్యం ఉంది, సిగ్గుపడి దాచుకోవద్దు. కుడివైపు ఒక్కటే ఉబ్బినా, పడుకున్నా ఉబ్బు తగ్గకపోయినా, పెద్దవయసులో హఠాత్తుగా వచ్చినా కడుపు స్కానింగు తప్పనిసరి. లోపల మూత్రపిండం దగ్గర కంతి సిరను నొక్కుతూ ఉండవచ్చు.

కాలేయానికి వేరే దారి

మహాసిర గురించి చెప్పాం గాని, పేగుల నుంచి వచ్చే రక్తం నేరుగా అందులో కలవదు. కాలేయ నిర్వాహక సిర అనే వేరే దారిలో ముందు కాలేయానికి వెళుతుంది. కాలేయానికి అందే రక్తంలో దాదాపు ముప్పాతిక వంతు ఇదే. మీరు తిన్న చక్కెర, తాగిన సారా, మింగిన మాత్ర అన్నీ ముందు కాలేయం గుమ్మంలో దిగవలసిందే. తిన్నది ఖర్చు కాకపోతే అది కొవ్వుగా మార్చి తనలోనే దాచుకుంటుంది. హైదరాబాదులో 345 మంది ఐ.టి. ఉద్యోగులను పరీక్షించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో నూటికి 84 మంది కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. హైదరాబాదు విశ్వవిద్యాలయం, ఏ.ఐ.జి. ఆసుపత్రి వారు కలిసి చేసిన అధ్యయనమిది. కొవ్వు ముదిరి కాలేయం గట్టిపడితే ఈ సిరలో రక్తం వెనక్కి తన్ని, పొట్టలో నీరు చేరడం, అన్నవాహిక సిరలు ఉబ్బి పగిలి రక్తపు వాంతులు కావడం జరుగుతాయి. కాలికి గడ్డ తెచ్చే కుర్చీయే కాలేయానికి కొవ్వు కూడా తెస్తుంది. రెంటికీ మందు ఒక్కటే, నడక.

యాభై దాటినవారు

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు పాతికేళ్ళ వయసులో ఉద్యోగంలో చేరినవారికి ఇప్పుడు యాభై దాటాయి. వయసు మీద పడుతున్న కొద్దీ, ముఖ్యంగా సిగరెట్లు కాల్చే మగవారిలో, బృహద్ధమని గోడ బలహీనపడి బెలూనులా ఉబ్బవచ్చు. 2 సెంటీమీటర్లు ఉండవలసింది 3 దాటితే ఉబ్బినట్టు లెక్క. మగవారిలో 5.5 దాటితే సాధారణంగా ఆపరేషను ఆలోచిస్తారు. పగిలేవరకు నొప్పి ఉండకపోవచ్చు. అదే దీని మోసం. ఐన్‌స్టీన్‌కు ఇదే జబ్బు. 1948లో ఆపరేషను చేసి ఉబ్బు చుట్టూ సెలోఫేన్ కాగితం చుట్టారు. ఆ రోజుల్లో అంతకన్నా మార్గం లేదు. 1955లో అది పగిలి ఆయన చనిపోయారు. ఈనాడు మామూలు కడుపు స్కానింగుతో ముందే తెలుసుకోవచ్చు. 65 దాటి, ఎప్పుడైనా సిగరెట్లు కాల్చిన మగవారు ఒక్కసారైనా ఈ స్కానింగు గురించి డాక్టరుని అడగాలి.

ఏం చెయ్యాలి?

కూర్చున్నవారు గంటకొకసారి లేచి రెండు మూడు నిమిషాలు నడవాలి. ఫోను వస్తే నిలబడి మాట్లాడండి. మీటింగు మధ్యలో లేవలేకపోతే కూర్చునే మడమలు ఎత్తి దించుతూ ఇరవై సార్లు పిక్కలు బిగించండి. కుర్చీ అంచు తొడల కింద గుచ్చుకోకుండా పాదాలు నేలకు ఆనాలి. కాలు మీద కాలు వేసుకుని గంటల తరబడి ఉండవద్దు. ఏ.సి. గదిలో దాహం తెలియదు కాబట్టి సీసాలో నీళ్ళు ఎదురుగా పెట్టుకోండి.

ఒక్క కాలు వాచి, బిగుసుకుని, వెచ్చగా తగిలి, ఎర్రబారితే ఆ రోజే డాక్టరుకి చూపించండి. వావిలాకు కాపడం పెట్టడం, నూనె రాసి పట్టించడం, పిల్లల చేత తొక్కించుకోవడం బొత్తిగా పనికిరావు. నొక్కితే గడ్డ ఊడిపోవచ్చు. డాప్లర్ స్కానింగులో నొప్పి లేకుండా గడ్డ తెలుస్తుంది. గడ్డ ఉంటే అది పెరగకుండా మందులు ఇస్తారు. సాధారణంగా కనీసం 3 నెలలు వాడాలి. వాపు తగ్గింది కదా అని మధ్యలో మానకూడదు.

ఇంతకుముందు లేని ఆయాసం హఠాత్తుగా వచ్చినా, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు పొడిచినా, దగ్గులో రక్తం పడినా, స్పృహ తప్పినా గ్యాసు అనుకుని సోడా తాగుతూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి.

ప్రశ్నలు – జవాబులు

*మా అమ్మాయి కాన్పుకు అమెరికా వెళ్ళాలి. విమానంలో రోజంతా కూర్చోవాలట. నాకు అరవై దాటాయి. భయంగా ఉంది.*
— ఒక గృహిణి, కూకట్‌పల్లి

భయం అక్కరలేదు, జాగ్రత్త కావాలి. నాలుగు గంటలకు మించి కదలకుండా ప్రయాణం చేస్తే గడ్డ కట్టే అవకాశం సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. అయినా అది 6,000 మందిలో ఒకరికి మాత్రమే. నడవా పక్క సీటు అడిగి తీసుకోండి. రెండు గంటలకొకసారి లేచి నడవండి. బాత్‌రూముకి లేవాలని నీళ్ళు మానకండి. అలా లేవడమే మీకు మంచిది! నిద్రమాత్రలు వేసుకోవద్దు. ఇంతకుముందు గడ్డ కట్టినవారు, ఈమధ్య ఆపరేషను అయినవారు, క్యాన్సరు చికిత్సలో ఉన్నవారు బయలుదేరే ముందు డాక్టరుని కలవాలి. వీరికి మోకాలి వరకు బిగుతు మేజోళ్ళో, మందులో అవసరం కావచ్చు. ఎవరో చెప్పారని ఆస్పిరిన్ సొంతంగా మింగకండి.

*నేను సన్నగా ఉంటాను. పడుకుంటే బొడ్డు దగ్గర టకటకా కొట్టుకుంటోంది. బొడ్డు తప్పిందని తోమించుకోమంటున్నారు.*
— ఒక విద్యార్థి, వరంగల్

మీ బొడ్డు ఎక్కడికీ పోలేదు. అక్కడ కొట్టుకునేది బృహద్ధమని. పొట్ట మీద కొవ్వు తక్కువగా ఉన్నవారికి అది చేతికి తగలడం సహజం. తోమించుకోవద్దు. మీ తాతగారికి అలా కొట్టుకుంటూ గడ్డలా తగిలితే మాత్రం స్కానింగు చేయించండి.

*ఈమధ్య మా ఆఫీసులో నిలబడి పనిచేసే బల్లలు పెట్టారు. ఇక కాళ్ళకు ప్రమాదం లేనట్టేనా?*
— ఒక ఇంజనీరు, కొండాపూర్

కదలకుండా నిలబడటం కూడా కాళ్ళకు శిక్షే. రక్తం కాళ్ళలోనే నిలిచి సిరలు ఉబ్బుతాయి. కాసేపు కూర్చోండి, కాసేపు నిలబడండి, మధ్యమధ్య నడవండి. పిక్కకు కావలసింది బల్ల కాదు, అడుగు. మంచినీళ్ళ సీసా చిన్నది కొనుక్కుని, నింపుకోవడానికి మీరే లేచి వెళ్ళండి. రోజుకు పదిసార్లు లేచినట్టవుతుంది.